కదిలితేనే తగ్గిన తల తిరుగుడు

పోయిన దాళ్వా నాట్లప్పుడు వారం రోజులు జలుబు చేసింది, తర్వాత ఒకరోజు తెల్లారగట్ల లేచి కూర్చుందామంటే ఇల్లంతా గిర్రున తిరిగిపోతుంది, మంచం పట్టె పట్టుకున్నా ఆగట్లేదు, వాంతుల మీద వాంతులు, కుడి చెవిలో హోరు, ఆ చెవికి ఫోన్ పెడితే మాటే వినబడట్లేదు. అత్తయ్యగారు పైత్యం అని నిమ్మకాయ నీళ్ళిచ్చారు. ఊళ్ళో ఒకాయన గ్యాసని ఇంజక్షన్ చేసి, తల తిరక్కుండా నెలకి సరిపడా బిళ్ళలు ఇచ్చేశారు. నాలుగు రోజులు అలాగే పడుకుండిపోయా. ఆ నాలుగు రోజులు పోయాయనే ఇప్పటికీ నా బాధ, చెవి ఉన్నట్టుండి వినబడకపోతే ఆ రోజే చూపించుకోవాలంట, నాకు తెలీదు.

ఐదో రోజు మా ఆయన సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి, నరసాపురం మీదుగా భీమవరం ఈఎన్‌టీ డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. గోదారి దాటినంతసేపూ కళ్ళు మూసుకుని ఆయన చొక్కా పట్టుకునే కూర్చున్నా.

డాక్టరు గారు నా తల రెండు చేతుల్తో పట్టుకుని "నా ముక్కే చూడమ్మా" అని గభాల్న తిప్పారు. ఎడమకి తిప్పితే చూపు ముక్కు మీదే ఉంది, కుడికి తిప్పితే మాత్రం కళ్ళు తలతో పాటే పోయి మళ్ళీ వెనక్కి గెంతాయి. పక్షవాతం లాంటిది కాదని తేల్చుకోడానికి స్కాన్ తీయించారు, అది బానే ఉంది. లోపలి చెవి వాచిందన్నారు, ల్యాబిరింథైటిస్ అంట.

రెండు చెవుల బ్యాలెన్స్ నరాలూ తల కదలకపోయినా సరే ఎప్పుడూ సిగ్నల్ పంపుతూనే ఉంటాయంట. బ్రెయిన్ స్టెమ్‌లో, అంటే మెదడు అడుగు భాగంలో, ఉండే న్యూరాన్లు అనే నరాల కణాలు ఆ రెండిటినీ పోల్చుకుని తల ఎటు తిరిగిందో లెక్క కట్టి, సెకనులో వందో వంతులోనే కళ్ళకి చెప్పి చూపు నిలబెడతాయి. నాకు కుడి వైపు మూగబోయింది, ఎడమది మామూలుగానే పంపుతోంది, దాంతో మంచం మీద కదలకుండా ఉన్నా తల ఎడమకి తిరిగిపోతోందని ఆ న్యూరాన్లు నమ్మేశాయి. "పడుకుంటే తగ్గదమ్మా, కదిలితేనే వాటికి తప్పు తెలిసి సర్దుకుంటాయి" అని స్టెరాయిడ్ రాసి, ఆ పాత బిళ్ళలు మూడు రోజుల్లో ఆపించేశారు.

నేను లేసు అల్లుతా. ఒక తెల్ల లేసు పువ్వు గోడకి గుండుసూదితో గుచ్చి, దాన్నే చూస్తా తల అటూ ఇటూ తిప్పమన్నారు కదా, మొదటి రోజు పది సార్లు తిప్పేసరికి కడుపులో తిప్పేసింది, పువ్వంతా సున్నం మరకలా అలుక్కుపోయింది. సాయంత్రం చేను గట్టు మీద నడక, కుడికి తూలిపోతుంటే అత్తయ్యగారు వెనకాలే వచ్చేవారు, ఒక కొబ్బరి చెట్టు నించి ఇంకో చెట్టు దాకా. చీకట్లో మరీ కష్టం, చూపు సాయం కూడా ఉండదు కదండీ. మూడో వారంలో ఒక పొద్దున్న తల తిప్పుతుంటే రేకుల మధ్య చిన్న చిన్న కన్నాలు కూడా విడివిడిగా కనబడ్డాయి. ఆ గోడ దగ్గరే ఏడ్చేశా.

ఇప్పుడు పంటు మీద నిలబడే వెళ్ళి లేసు ఇచ్చొస్తున్నా. వినికిడి మాత్రం సగమే వచ్చింది. శబ్దం ఏ చెవికి ముందు చేరిందో, ఎందులో గట్టిగా ఉందో పోల్చి, అది ఎటు నించి వచ్చిందో చెప్పేది కూడా ఆ బ్రెయిన్ స్టెమే, చెవులకి మధ్య తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదంట. అందుకే కాలువ గట్టు మీద హారన్ వినబడితే ముందు ఆగిపోతా, రెండు వైపులా చూశాకే కదులుతా. పెరట్లోంచి పిలిస్తే వీధి గుమ్మంలోకి వెళ్ళిపోతున్నానని, అత్తయ్యగారు ఇప్పుడు నన్ను పిలిచి, "పెరట్లో ఉన్నానే" అని కూడా కేకేస్తున్నారు.