ముట్‌ఫిలి

"నువ్వెప్పుడూ మర్డర్ బుక్సే చదువుతావు కదమ్మా. నీకు నచ్చనిది నువ్వు ముట్టుకోవు. మరి నన్నెందుకు చదవమంటావు?"

పదమూడేళ్ల పిల్ల అడిగితే నోరు పెగల్లేదు. రోజుకి రెండు పేజీలు తెలుగు చదవాల్సిందే అని పంతం పట్టింది నేను. ఇరవయ్యేళ్లుగా శవం లేని పుస్తకం తెరవందీ నేనే.

ఆ ఉక్రోషంతోనే అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' దింపాను, కాకతీయ రాణి రుద్రమదేవి కాలం నాటి నవల. ఎప్పుడో ఆవకాయతో పాటు సూట్‌కేసులో వచ్చింది. అట్ట మీద నూనె మరక ఇంకా ఉంది. పిల్లకి చరిత్ర తెలియాలని కొన్నాను, నాకోసమైతే కాదు. మొదట్లో ఆ సామంతులు, వంశాలు, బిరుదులు చూసి ఆవలింతలే. బాపిరాజు గారు చిత్రకారుడు కూడా కదా, వర్ణన మొదలెడితే ఓ పట్టాన వదలరు.

అంతలో గన్నారెడ్డి పెళ్లి మీద పడి పెళ్లికొడుకుని ఎత్తుకుపోయాడు. పెళ్లికూతుర్ని కాదు, పెళ్లికొడుకుని! అక్కడ దొరికిపోయాను. ఈ గజదొంగ అసలు ఎవరి మనిషి? నా డిటెక్టివ్ బుర్రకి ఆ ఒక్క ప్రశ్న చాలు. రాత్రి ఒంటిగంట దాకా చదివాను. మర్నాడు పిల్ల ఆకలంటే "ఉండవే, ఈ ప్రకరణం అవనీ" అన్నాను. అది ఫోన్ పట్టుకుని అచ్చం ఇదే మాటంటే ఇల్లెగిరిపోయేలా అరుస్తాను.

ముందు మనం చదివితే పిల్లలే చదువుతారని నలుగురికీ చెబుదామనుకున్నాను. ఏం చెప్పను? నేను చదివాను, అది చదవలేదు. భోజనాల దగ్గర రుద్రమదేవి మగవేషం గురించీ, శాసనాల్లో ఆమెని రుద్రదేవ మహారాజు అనడం గురించీ ఊదరగొట్టాను. ఊఁ కొట్టింది. మార్కో పోలో అనగానే మాత్రం తలెత్తింది, బళ్లో పాఠం ఉందట. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటికంటుకున్న వజ్రాలతో సహా పైకి తెచ్చేవని ఆయన రాసింది మన రాజ్యం గురించే అన్నాను. రుద్రమని గణపతిదేవుడి భార్య అనుకున్నాడు పాపం, నిజానికి కూతురు.

"ఆ ప్లేస్ పేరేంటి?"

"ఆయన ముట్‌ఫిలి అని రాశాడు."

"ముట్‌ఫిలీ!"

"కాదే, మోటుపల్లి. 'ఫిలి' కాదు, 'పల్లి'. సరిగ్గా పలుకు."

"మార్కో పోలోని కూడా ఇలాగే కరెక్ట్ చేశారా?"

చారు కలుపుకుంటూ ఉండిపోయాను. ఏడేళ్లప్పుడు అది గడగడా తెలుగు మాట్లాడేది. ప్రతి మాటకీ దిద్దింది నేనే. మా చీరాలకి దగ్గర్లోనే ఉన్న మోటుపల్లికి ఒక్కసారైనా పోని నేను.

నిన్న కారెక్కుతూ అడిగింది: "ఇంతకీ ఆ పెళ్లికొడుకు ఏమయ్యాడు?" చదివి తెలుసుకో అందామని నోటిదాకా వచ్చింది. దిగేలోపు మొత్తం చెప్పేశాను. ఇంగ్లీషులో.