తుపాను తీరం దాటకముందే కెమెరా సర్దేస్తాను: ఉప్పాడ దగ్గర నా పద్ధతి

తుపాను ఫొటో అనగానే తీరం దాటే గంటే అసలు ఘట్టమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ గంటలో ఫొటో దొరకదు. చాలాసార్లు అది రాత్రిపూట పడుతుంది. పగలైనా వాన అడ్డంగా కొడుతూ వంద మీటర్ల అవతల ఏమీ కనబడనివ్వదు. పనికొచ్చే బొమ్మలన్నీ అంతకు ముందు ఒకటిన్నర, రెండు రోజుల్లోనే ఉంటాయి. అందుకే కాకినాడ నుంచి ఉప్పాడ వైపు బయల్దేరే ముందు కాగితం మీద నేను మొదట రాసుకునేది వెనక్కి వచ్చేసే వేళ.

ఆ వేళ లెక్క ఇలా కడతాను. వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది, తీరం దగ్గరపడితే గంటగంటకీ ఇస్తుంది. ఉదయం 8.30 నాటి పరిశీలన మన చేతికి వచ్చేసరికి పది దాటొచ్చు. అంటే చదివే సమయానికే తుపాను ఇరవై, ముప్పై కిలోమీటర్లు ముందుకు జరిగి ఉంటుంది. 8.30కి కేంద్రం 240 కి.మీ. దూరంలో ఉంది, గంటకు 15 కి.మీ. చొప్పున కదులుతోంది అనుకుందాం. అర్ధరాత్రి 12.30కి తీరం దాటాలి. కానీ గాలి కేంద్రంతో పాటే రాదు. గంటకు 62 కి.మీ. వేగం దాటిన గాలి కేంద్రం చుట్టూ 150 కి.మీ. దాకా పరుచుకుని ఉంటే అది మధ్యాహ్నం 2.30కే మన మీదికి వస్తుంది. తుపాను వేగం పెంచుకుని గంటకు 20 కి.మీ. అందుకుంటే ఒంటిగంటకే వస్తుంది. ఈ రెండింట్లో ముందున్న ఒంటిగంటనే తీసుకుని, సర్దుకోడానికీ దారికీ రెండు గంటలు తీసేస్తాను. పదకొండుకి కెమెరా సంచిలో ఉండాలి. కొత్త బులెటిన్ వచ్చినప్పుడల్లా ఈ వేళని ఇంకా పెందలాడే చేసుకుంటానే తప్ప ఆలస్యం చేయను. "ఇంకా ఏం గాలి లేదుగా, ఓ అరగంట ఉందాం" అనిపించే సమయం కచ్చితంగా వస్తుంది. లెక్క ముందే కట్టి పెట్టుకోవడం దానికోసమే.

తర్వాత చూడాల్సింది ఏ పక్కన ఉన్నామన్నది. మన సముద్రంలో తుపాను గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది. అది ఉప్పాడకి దక్షిణంగా, అంతర్వేది దగ్గర దాటితే మనం దాని దారికి కుడి పక్క పడతాం. గాలి సముద్రం మీంచి నేల మీదికి తోస్తుంది, ఉప్పెన ఆ పక్కే ఎక్కువ. ఉత్తరంగా, తుని వైపు దాటితే ఎడమ పక్క పడతాం. అప్పుడు గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది, అలల కొసలు వెనక్కి చెదిరి తుంపర పైకి లేస్తుంది. ఫొటోకి ఇదే అందం. అయితే అంచనా దారి అరవై, డెబ్బై కిలోమీటర్లు పక్కకి జరిగితే చాలు, ఎడమ కాస్తా కుడి అవుతుంది. కాబట్టి నిలబడే చోటు ఎంచుకునేటప్పుడు ఎప్పుడూ కుడి పక్కే ఉన్నామనుకోవాలి. కాకినాడ రేవులో ఎగరేసే హెచ్చరిక నంబరు కూడా ఈ సంగతే చెబుతుంది. 5 లేదా 8 అంటే రేవు తుపాను దారికి ఎడమన ఉందని, 6 లేదా 9 అంటే కుడిన ఉందని, 7 లేదా 10 అంటే నేరుగా మీదికే వస్తోందని. మూడో నంబరు ఉండగా నేను చోట్లు చూసుకుంటాను. అయిదు ఎగిరితే తీరం మీద ఉండను.

ఏ రోజు ఏం దొరుకుతుంది? రెండు రోజుల ముందు ఆకాశమంతా పల్చటి ఎత్తు మబ్బులు, సూర్యుడి చుట్టూ వరదగుడి, ఎర్రటి సాయంత్రాలు. ఆ రోజు పెద్దగా ప్రమాదం లేదు, సముద్రంలోకి దిగకపోతే చాలు. ముందు రోజు దూరం నుంచి పొడుగు అలలు వస్తాయి, గాలి ఈశాన్యం నుంచి మొదలవుతుంది. తర్వాత వాన పట్టీలు. నల్లటి మబ్బు విల్లులా వంగి సముద్రం మీంచి వస్తుంది, పది, ఇరవై నిమిషాలు కుమ్మేసి పోతుంది, మళ్లీ కాస్త తెరిపి. మచిలీపట్నం, విశాఖ రాడార్ల బొమ్మల్లో ఈ పట్టీలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక పట్టీకీ ఇంకో పట్టీకీ మధ్య ఉన్న ఖాళీ చూసుకునే కారు దిగాలి. మనది తూర్పు తీరం కాబట్టి ముందు రోజు సాయంత్రం సూర్యుడు మన వీపు వెనక నుంచి సముద్రం మీది నల్లమబ్బుని వెలిగిస్తాడు. ఆ గంటని మించింది మొత్తం తుపానులో ఇంకోటి లేదు.

ఇక అల. ఉప్పాడ బీచ్ రోడ్డు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, అక్కడ సముద్రం ఏటా రోడ్డుని కొరుకుతూనే ఉంటుంది, రక్షణ గోడ రాళ్లు రోడ్డు మీద పడుంటాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే హెచ్చరికలో "అల ఎత్తు 3.5 మీటర్లు" అని ఉంటే అది గరిష్ఠం కాదు. వచ్చే అలలన్నిట్లో అన్నిటికంటే ఎత్తైన మూడో వంతు తీసుకుని కట్టిన సగటు. పది సెకన్లకో అల వస్తుందనుకుంటే మూడు గంటల్లో వెయ్యికి పైగా అలలు, వాటిలో ఒక్కటి ఆ అంకెకి దాదాపు రెట్టింపు ఉంటుంది. పావుగంట చూసి "ఇక్కడిదాకా రావట్లేదు" అనుకునేవాళ్లని కొట్టేది ఆ ఒక్కటే.

అందుకని నేను అలని చూడటం కంటే నేలని ఎక్కువ చూస్తాను. తారు మీద తడి ఎక్కడిదాకా ఉంది, నాచు, పుల్లలు, గులకరాళ్లు ఏ గీత దగ్గర ఆగాయి అని. పిడికిలంత రాయి రోడ్డు మధ్యలో తడిగా, ఇసుక అంటుకుని కనిపిస్తే దాన్ని లారీ పడెయ్యలేదు, అల విసిరింది. ఆ గీతకి ఎంత దూరమో గోడ నుంచి కొలుచుకుని, అంతకు రెట్టింపు దూరం వెనక నిలబడతాను. అంటే దూరాన్ని దగ్గరగా చూపే 70-200 లెన్సు తప్పనిసరి. వైడ్ లెన్సు తగిలించుకుంటే తెలియకుండానే కాళ్లు ముందుకి పోతాయి. రక్షణ గోడ రాళ్ల మీద, జియోట్యూబు (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచి) మీద ఎక్కడం అసలు వద్దు. కింద ఇసుక కోసుకుపోయి అవి డొల్లగా ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు వేళకి ఇంకో పాతిక మీటర్లు వెనక్కి. ఎంత దూరాన ఉన్నా సముద్రానికి వీపు పెట్టకూడదు.

ఒంటరిగా వెళ్లను. ఒకరి కన్ను కెమెరాలో ఉంటే రెండోవారి కన్ను సముద్రం మీదే ఉండాలి, వాళ్ల చేతిలో ఫోను కూడా ఉండకూడదు. ఆ హోరులో అరుపులు వినబడవు, మెడలో ఈల ఉంటుంది. ఒక ఈలకి ఆగి చూడాలి, రెండు ఈలలకి ఉన్నవి ఉన్నట్టు వదిలి పరిగెత్తాలి. ట్రైపాడ్ ఖరీదు గుర్తొచ్చి వంగేవాళ్లు ఉంటారు, కాబట్టి ఈ మాట ముందే అనుకోవాలి.

గాలి విషయంలో అంచనాలొద్దు. మూడు, నాలుగు వేలకి చేతిలో పట్టుకునే గాలి మీటరు దొరుకుతుంది. అది లేకపోతే ఒళ్లే కొలత. గొడుగు పట్టుకోవడం కష్టమైతే గంటకు 40 దాటినట్టు, ఎదురు నడవలేకపోతే 50 దాటినట్టు, చెట్ల రెమ్మలు విరుగుతుంటే 62 దాటినట్టు. విసుర్లు 50కి చేరితే తీరం వదిలేస్తాను, 62కి కాంక్రీటు భవనంలో ఉంటాను. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. 60 దగ్గర చదరపు మీటరుకి సుమారు 17 కిలోల తోపుడు ఉంటే 120 దగ్గర దాదాపు 70 కిలోలు. మనిషి సంగతి అలా ఉంచండి, రేకుల షెడ్డు, ఫ్లెక్సీ హోర్డింగు, కొబ్బరికాయలు అప్పటికే గాల్లో ఉంటాయి. కొబ్బరి తోట ఫొటోలో ఎంత బాగున్నా దాని కిందికి వెళ్లొద్దు.

డ్రోన్ గురించి ఒక్క మాట. చిన్న డ్రోన్లు చాలావాటికి కంపెనీ చెప్పే హద్దు సెకనుకి 10.7 మీటర్లు, అంటే గంటకు 38 కి.మీ. వాయుగుండం దశలోనే ఆ హద్దు దాటిపోతుంది. పైగా విశాఖలో నేవీ ఉన్నందున ఎగరేయడానికి వీల్లేని ప్రాంతాలు చాలా ఉన్నాయి. ఇంట్లో పెట్టి రండి.

కారుని మూతి పిఠాపురం వైపు తిప్పి నిలుపుతాను, చెట్టు కిందా కాదు, కరెంటు స్తంభం కిందా కాదు. తీరం వెంట ఉన్న బీచ్ రోడ్డుని తిరుగు దారిగా లెక్కలో వేసుకోను. అందరికంటే ముందు తెగేదీ, పోలీసులు మూసేదీ అదే. లోపలికి పోయే రోడ్డు ఒక్కటే దారి. ట్యాంకు నిండుగా ఉండాలి, ఎందుకంటే కరెంటు పోతే బంకులు పనిచేయవు. చిల్లరతో సహా నగదు, మూడు రోజులకి సరిపడా తాగునీళ్లు, పవర్ బ్యాంకు, నెట్ లేకుండా తెరుచుకునే మ్యాపు కూడా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక విశాఖలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. పారే నీరు అడుగు ఎత్తున్నా చిన్న కారుని తోసేస్తుంది, కాబట్టి రోడ్డు కనబడని నీటిలోకి బండి దించొద్దు. తలుపు తీసేటప్పుడు ఒక్క పక్కదే, రెండు చేతులతో పట్టుకుని తీయాలి. వెనక నుంచి వచ్చే గాలి కీలుని విరిచేస్తుంది.

పాంచో లాంటి వదులు రెయిన్‌కోటు గాలికి ఉబ్బి మనిషిని లాగేస్తుంది, అందుకే బిగుతైన జాకెట్టూ ప్యాంటూ వేసుకోవాలి. గమ్‌బూట్లలో నీళ్లు నిండితే కాలు లేవదు, లేసుల బూట్లు మేలు. ఇసుక కళ్లలో కొడుతుంది కాబట్టి పారదర్శకమైన గాగుల్స్, తలకి బైకు హెల్మెట్. చూడ్డానికి నవ్వులాటగా ఉన్నా పనికొస్తుంది. లైఫ్ జాకెట్ అవసరమనిపించే చోట నిలబడ్డారంటే ఆ చోటే తప్పు.

కెమెరాకి వాన కంటే ఉప్పు తుంపర పెద్ద శత్రువు. లెన్సు ముందు మామూలు యూవీ ఫిల్టర్ ఉంచుతాను. తీరం మీద లెన్సు మార్చను, ఏది తగిలించి వెళ్తే అదే. వాన తొడుగు లేకపోతే హోటల్ షవర్ క్యాపు, రెండు రబ్బరు బ్యాండ్లు చాలు. జిప్ కవర్లో చిన్న గుడ్డలు ఏడెనిమిది ఉండాలి. ఒకసారి ఉప్పు తగిలిన గుడ్డని మళ్లీ వాడితే అందులోని స్ఫటికాలు అద్దాన్ని గీస్తాయి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే లెన్సు మంచు పట్టి పావుగంట పైగా పనికిరాదు, కాబట్టి గదిలో ఏసీ ఆపేయాలి. విసుర్లు 40 దాటితే ట్రైపాడ్ వాడను. ఇసుక నింపిన సంచిని కారు కిటికీ మీద వేసి, గాలి తగలని పక్క నుంచి తీస్తాను. అంతకంటే తక్కువ గాలిలో ట్రైపాడ్ వాడితే సన్నటి చివరి కాళ్లు లాగకుండా, బరువు సంచి నేలకి ఆనేలా కట్టాలి. వేలాడే సంచి ఊగి ట్రైపాడ్‌నే కదిలిస్తుంది.

అల గోడకి కొట్టి చిమ్మే నీటికి షట్టర్ వేగం సెకనులో 1/1000 నుంచి 1/1600 వంతు, ఎఫ్/5.6 లేదా ఎఫ్/8, ఐఎస్‌వో 800 పైన. వాన గీతల్లా కనబడాలంటే 1/60 నుంచి 1/125. కొబ్బరి మట్టలు ఊగడం తెలియాలంటే 1/15. వాన చినుకులకి ఆటోఫోకస్ తడబడుతుంది, కాబట్టి ఒకసారి ఫోకస్ పట్టి మాన్యువల్‌కి మార్చేస్తాను. వెలుగు ఎక్కువై తెల్లటి నురుగు ఫొటోలో వివరం లేకుండా పోతుంది, వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు, అదే హిస్టోగ్రామ్, చూస్తూ ఉండాలి.

పునరావాస కేంద్రాలకి వెళ్లే బస్సులకి అడ్డం పడకండి. మత్స్యకారులు బోట్లు లాక్కుంటుంటే "ఇంకోసారి లాగండన్నా" అని అడగకండి, వీలైతే ఓ చెయ్యి వేయండి. పోలీసులు వెళ్లమంటే వాదించకుండా వెళ్లిపోవాలి. ఫొటోలు అక్కణ్ణుంచే సోషల్ మీడియాలో పెడితే చూసి పది బైకులు వస్తాయి, తర్వాత పెట్టుకోవచ్చు.

రాత్రికి గది పిఠాపురంలోనో, కాకినాడలో సముద్రానికి దూరంగానో తీసుకుంటాను. ఆర్‌సీసీ స్లాబు, మొదటి లేదా రెండో అంతస్తు, పెద్ద అద్దాలు లేని పక్క. గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను అయిపోయిందనుకోవద్దు. కేంద్రం నెత్తి మీద ఉండొచ్చు, కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా మొదలవుతుంది. ఆ ప్రశాంతతలో ఆకాశం ఫొటోకి మేడెక్కాలనిపిస్తుంది. ఎక్కొద్దు.

ఆ రాత్రి గదిలో చేసే పని కెమెరా శుభ్రం చేయడం. ముందు మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో ఉప్పుని అద్ది తీయాలి, రుద్దకూడదు. తర్వాత పొడి గుడ్డ, ఆపైన సిలికా జెల్ ఉన్న డబ్బా. బియ్యంలో పెట్టడం వల్ల పిండి దుమ్ము తప్ప ఒరిగేదేం లేదు. లోపలికి ఉప్పునీళ్లు పోయాయని అనుమానం వస్తే వెంటనే బ్యాటరీ తీసేసి, ఆన్ చేసి చూడకుండా సర్వీసుకి ఇవ్వాలి.

తెల్లారాక కూడా తొందరొద్దు. తెగిపడ్డ ప్రతి తీగలోనూ కరెంటు ఉందనుకోవాలి. నీళ్లలో పడి ఉంటే ఆ నీళ్లలోనూ ఉందనుకుని 1912కి చెప్పాలి. ఎవరికైనా సాయం కావాలంటే 112 లేదా జిల్లా కంట్రోల్ రూమ్ 1077. ఇక ఇంటిదారి. సముద్రం నెమ్మదించినా ఏలేరు, సుద్దగడ్డ వాగులు ఎగువన కురిసిన వానతో అప్పుడే పొంగుతాయి, పిఠాపురం, గొల్లప్రోలు మీదుగా కత్తిపూడి వెళ్లే రోడ్డు పక్క పొలాలు మునుగుతాయి. వాగుల సంగతి ఆ ఊళ్లవాళ్లని అడిగి తెలుసుకున్నాకే బండి తీస్తాను.