సిమెంటు కింద సున్నపు ఇల్లు

బ్రాడీపేటలో పాత ఇల్లు కొన్నామని తెలియగానే బంధువులంతా ఒకే ప్రశ్న అడిగారు: "ఎప్పుడు కూలగొడుతున్నారు?" గుంటూరులో ఇప్పుడు పాత ఇల్లంటే అపార్ట్‌మెంటుకు పనికొచ్చే స్థలమనే లెక్క. కాదు, అందులోనే ఉంటామని చెబితే మా ఆడపడుచు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "వదినా, ఆ గోడలకు ఏసీ ఆగుతుందా?" అంది.

గోడలకేం, ఏనుగును కట్టేసినా ఆగుతాయి. ఒకటిన్నర ఇటుక మందం, సున్నంతో కట్టినవి. పైన టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి పేర్చిన మద్రాసు మిద్దె. కింద పల్నాడు నాపరాళ్లు. ఇంత వరకూ బాగుంది. బాగోలేనిదల్లా మధ్యలో ఎవరెవరో చేయించిన మరమ్మతులు. గోడలకు ఛాతీ ఎత్తు వరకు సిమెంటు పూత, దాని మీద జిగురులాంటి ఎనామిల్ రంగు, మిద్దె మీద సిమెంటు పొర, నాపరాళ్ల మీద ఒక గదిలో టైల్సు. ఈ ఇంటికి వయసుతో వచ్చిన జబ్బులు తక్కువ, వైద్యంతో వచ్చినవే ఎక్కువ.

ముందు హాలు గోడ చూడండి. సిమెంటు పూత ఎక్కడితో ఆగిందో సరిగ్గా దానికి పైన జానెడు మేర చెమ్మ, పెచ్చులు, దూదిలా తెల్లటి ఉప్పు. పాత ఇళ్లలో పునాదికీ గోడకీ మధ్య చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి ఇటుకల గుండా పైకి పాకుతుంది. సున్నపు పూత ఉన్నంత కాలం ఆ తడి అక్కడికక్కడే గాలిలో కలిసిపోతుంది. సిమెంటుతో ఆ దారి మూసేస్తే తడి ఆగిపోదు, ఖాళీ దొరికే దాకా పైకి ఎక్కుతుంది. దానితో పాటు ఎక్కిన ఉప్పు బయటికొచ్చే చోట గడ్డకట్టి పూతను తోసేస్తుంది. మూడడుగుల చెమ్మను ఐదడుగులకు పెంచింది ఆ సిమెంటే.

ఇదంతా మేస్త్రి గారికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అమ్మా, చెమ్మ ఉంటే సిమెంటు పెంచాలి గానీ తీస్తారా? ఇంకో రెండడుగులు లేపి, వాటర్‌ప్రూఫ్ కలిపి కొట్టేస్తా, పదేళ్లు చూడక్కర్లేదు" అన్నారు. ఆ పదేళ్లు ఎవరో ఇదివరకే చూసేశారని నా వాదన. చివరికి మావారు మధ్యలో దూరి, "మేస్త్రి గారూ, ఆవిడ కెమిస్ట్రీ లెక్చరరు. మీరు గెలవరు" అన్నారు. ఆయన నవ్వారు గానీ ఒప్పుకోలేదు. రోజు కూలీ మీద అయితే చేస్తాను, చదరపు అడుగు లెక్కన చేయను అన్నారు. అది న్యాయమే. సున్నం పనిలో సరుకు చవక, మనిషి ఖరీదు.

మార్చి చివర్లో సిమెంటు అంతా ఒలిపించాం. ఆ వెంటనే పూత వేయించకుండా ఏప్రిల్, మే రెండు నెలలూ ఇటుకలను అలాగే వదిలేశాను. గుంటూరు ఎండను అందరూ తిట్టుకుంటారు. తడి గోడ ఉన్నవాళ్లు మాత్రం తిట్టకూడదు. గోడ మీద పొడిగా తేలిన ఉప్పును పొడి బ్రష్షుతో దులపడమే పని. నీళ్లతో కడిగితే ఆ ఉప్పే కరిగి మళ్లీ లోపలికి పోతుంది. ఆ వేసవిలో మా ఇంటికి వచ్చిన ప్రతివారూ గోడల వంక చూసి, డబ్బులు చాలలేదేమోనని జాలిపడి వెళ్లారు.

సున్నం కోసం వెతకాల్సిన అవసరం లేదు. పిడుగురాళ్ల బట్టీలు మనకు దగ్గరే. 2022లో జిల్లాలు విడదీశాక అది పల్నాడు జిల్లాలోకి వెళ్లింది గానీ సున్నం మాత్రం ఎప్పటిలాగే ఇటు వస్తోంది. తెచ్చిన వ్యాను డ్రైవరుకు లైను, అడ్డరోడ్డు నంబర్లు రెండు చెబితే నేరుగా గుమ్మం ముందు ఆపాడు. బ్రాడీపేటలో ఈ ఒక్క సుఖం ఉంది. చిరునామా చెప్పడానికి ఏ గుడీ, ఏ హోటలూ అక్కర్లేదు.

కాల్చిన సున్నపురాయికి నీళ్లు తగిలితే హైడ్రాక్సైడ్ అవుతుందనీ, గోడ మీద అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుందనీ ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాను. పెరట్లో తొట్టి నిండా అది కుతకుతలాడుతుంటే చూడటం వేరు. దగ్గరికి వెళ్లేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకోవాల్సిందే. కంట్లో సున్నం పడితే చూపు పోవచ్చు. కూలికొచ్చిన కుర్రాళ్లు అద్దాలు పెట్టుకోమంటే నవ్వారు. పెట్టుకుంటేనే పని అన్నాను.

అలా నీళ్లు పోసి చల్లార్చిన సున్నం ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో కలిపాం. పట్నంబజారులో అన్ని కిలోల కరక్కాయలు అడిగితే కొట్టు ఆయన ఆయుర్వేద వైద్యం చేస్తారా అని అడిగారు. బెల్లం వేయడం వట్టి నమ్మకమని మొదట అనుకునేవారికి ఒక మాట: చక్కెర ఉన్న నీళ్లలో సున్నం మామూలు నీళ్లలో కంటే ఎక్కువ కరుగుతుంది. చీమల సంగతి వేరే చెప్పాలి, చెప్పను.

జులైలో పూత మొదలైంది. మబ్బు పట్టిన రోజులైతేనే దీనికి మంచిది. ఎండకు గబగబా ఆరితే పగులుతుంది కాబట్టి తడి గోనెపట్టాలు వేలాడదీశాం. మూడో గోడకు వచ్చేసరికి మేస్త్రి గారు నాకు చెప్పడం మొదలుపెట్టారు, వాళ్ల తాతగారు గానుగలో సున్నం ఎలా ఆడించేవారో. అంతకుముందు వాదించిన మనిషే.

పడకగది కిటికీ మీద ఏటవాలుగా ఒక పగులు ఉంది. దాన్నీ సిమెంటుతో పూడ్చారు, దాని పక్కనే ఇంకోటి వచ్చింది. ఇక్కడిది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, ఇల్లు దానితో పాటు కాస్త కదులుతుంది. పగులుకు అటూ ఇటూ పెన్సిలుతో గీతలు గీసి కొలుస్తున్నాను. మేలో వెడల్పు, వానలు పడ్డాక సన్నం. అంటే పని గోడలో కాదు, బయట నేలలో. ఆ మూల చూరు నీళ్లు పునాది పక్కనే పడుతున్నాయి. గొట్టం పెట్టి దూరంగా మళ్లించాం, ఇంటి చుట్టూ వాలుగా చప్టా వేయించాం. పగులును మెత్తటి సున్నపు ముద్దతో నింపాను. కదిలితే కదలనీ.

మిద్దె పిట్టగోడలో రావి మొక్క మొలిచింది. మేస్త్రి గారు కత్తి పెట్టనన్నారు. మా అత్తయ్య దణ్ణం పెట్టుకుని, "వేరుతో సహా తీసి కుండీలో పెట్టండి, గుడి దగ్గర నాటుదాం" అని దారి చూపించారు. వేరు మూడు వరసల ఇటుకల్లోకి దిగింది, గోడ ఆ మేరకు విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

కరెంటు విషయంలో మాత్రం పాతదాని మీద నాకు ఏ ప్రేమా లేదు. చెక్క పట్టీల మీద పెళుసెక్కిన వైర్లు, పింగాణీ ఫ్యూజులు, ఎర్త్ తీగ అసలు లేదు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఆ వైర్లు ఒక్క బల్బూ ఫ్యానూ మోయడానికి వేసినవి. మొత్తం పీకించేశాం. దీపాలకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజరుకూ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. పెరట్లో గొయ్యి తవ్వి రెండున్నర మీటర్ల గొట్టం దించి బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి ఎర్త్ చేయించాం. షాకు కొడితే చటుక్కున సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. ఎలక్ట్రీషియన్ కుర్రాడు గోడలు కోసి వైర్లు లోపల పెడతానన్నాడు. "బాబూ, ఇప్పుడే పూసిన గోడ అది" అన్నాను. పైపులు గోడ మీదే పోతున్నాయి, అందంగా లేవు. ఉండనీ.

ఇక మిగిలింది వెనక వసారా. అక్కడ బంగళా పెంకులు పాతిక దాకా పగిలాయి. కొత్తవి తెస్తే పాతవాటి గాడిలో కూర్చోవడం లేదు, అర అంగుళం తేడా. పాత తలుపులు, కలప అమ్మే కొట్లన్నీ నమూనా పెంకు సంచిలో వేసుకుని తిరుగుతున్నాను. మీ వీధిలో ఎవరైనా పాత పెంకుటిల్లు తీసేస్తుంటే, లారీ వచ్చే లోపు నాకు ఒక మాట చెప్పండి. రవాణా నాదే. నాచు పట్టినా ఫర్వాలేదు, చెవులు విరిగినవి మాత్రం వద్దు.