వెలుగును మింగే ఇంజను, తిప్పికొట్టే కారు

ఆదివారం రాత్రి

పొద్దున లేవగానే కిటికీ తెరిచి చూశాను. ఆకాశం నిండా పల్చటి మబ్బు. నేల మీద ఎక్కడా గట్టి నీడ లేదు. ప్రాణం లేచొచ్చింది. ఇవాళ ఫొటోలు తీయాల్సింది ముందు ఒక ఆవిరి రైలింజను, తర్వాత అదే మ్యూజియంలో పక్క హాల్లో ఉన్న పాతకాలపు లగ్జరీ కార్లు. ఇంజను వెలుగునంతా మింగేస్తుంది. కారు వచ్చిన వెలుగును వచ్చినట్టే మన మొహాన కొడుతుంది. నడినెత్తి ఎండలో ఈ రెండింటినీ ఒకే రోజు తీయడమంటే తలనొప్పే. మబ్బు ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

నేను షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి ఇంజను అప్పటికే వేడెక్కుతోంది. తాళం తిప్పగానే లేచే బండి కాదు కదా. చల్లారిన బాయిలర్‌ని నిదానంగా వేడి చెయ్యాలి. తొందరపడితే లోహం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వ్యాకోచించి అతుకులు దెబ్బతింటాయి. అందుకే సిబ్బంది తెల్లవారకముందే వచ్చి నిప్పు రాజేస్తారు. నాకు ఇంజను కదిలే టైము కంటే ఈ ఎదురుచూసే టైమే ఎక్కువ ఇష్టం. జనం ఉండరు. నూనె డబ్బా పట్టుకుని డ్రైవరుగారు చక్రాల మధ్యకి దూరి, కదిలే ప్రతి కీలుకీ నూనె పోసుకుంటూ వెళ్తారు. మనం అడ్డం రాకుండా ఉంటే ఏమీ అనరు.

నల్ల ఇంజను ఫ్రేము నిండా ఉంటే వెలుగును కొలిచే కెమెరా మీటరు బోల్తా పడుతుంది. దాని లెక్కలో లోకమంతా సగటున మధ్యరకం బూడిద రంగు. ఎదురుగా ఉన్నది నలుపని దానికేం తెలుసు? చీకటిగా ఉందనుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. ఇంజను వెలిసిపోయినట్టు వస్తుంది, పైన ఆవిరి ఉన్నచోట ఉత్త తెలుపు మిగులుతుంది. అందుకని నేను ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగానికి చేసి తీస్తాను. ఆవిరి మడతలు పోకుండా చూసుకుంటే చాలు, నీడల్లో ఉన్న వివరాన్ని తర్వాత ఇంట్లో కూర్చుని, కెమెరా పట్టినదంతా మార్చకుండా దాచే రా (RAW) ఫైల్లోంచి పైకి లాగొచ్చు. పూర్తిగా తెల్లబడిపోయిన చోట లాగడానికి ఏమీ ఉండదు.

ఈ తంటా ఇప్పటిది కాదు. ఫిల్ము బదులు గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీసే కాలంలో కొత్త ఇంజను తయారవగానే ఫ్యాక్టరీవాళ్లు దానికి అధికారిక ఫొటో తీయించేవారు. నలుపో ముదురు ఎరుపో ఉంటే ప్లేటు మీద వివరాలు పడవు, పైగా అప్పటి ప్లేట్లకి ఎరుపు దాదాపు నలుపుతో సమానం. దాంతో ఫొటో కోసమే మెరుపు లేని బూడిద రంగు పూసి, ఫొటో అయ్యాక అసలు రంగు వేసేవారు. ఆ పాత ఫొటోల్లో రివెట్లు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపించడంలో కిటుకు ఇదే. ఎడిటింగ్ అంటే మోసం అని నాతో వాదించేవాళ్లకి ఈ సంగతి చెబుతుంటాను. వాళ్లు ఫొటోని కాదు, ఏకంగా ఇంజన్నే ఎడిట్ చేశారు!

ఇంజను ముందుకీ వెనక్కీ కాస్త నడిపి చూస్తున్నప్పుడు డ్రైవరుగారిని అడిగాను, "రాడ్లు కిందికి వచ్చేలా ఆపగలరా అండీ?" అని. చక్రాలన్నిటినీ కలిపే ఆ పొడుగు రాడ్డు కింద ఉన్నప్పుడు చక్రం ఆకారం, ఆకులు, తూకం కోసం పెట్టిన బరువు దిమ్మ అన్నీ విడివిడిగా తెలుస్తాయి. పైకి ఉంటే చక్రాల మధ్య భాగాలకి అడ్డం పడి ఇంజను ఇరుకుగా కనిపిస్తుంది. ఇంజన్ల ఫొటోలు తీసేవాళ్లలో ఇది పాత అలవాటే.

ఆయన నవ్వారు. "మీ ఫొటోల వాళ్లందరిదీ ఒకటే గోలండీ. ఒకరికి రాడ్లు కింద ఉండాలి, ఒకరికి నల్లపొగ కావాలి. నల్లపొగ వచ్చిందంటే బొగ్గు సరిగ్గా మండలేదనే కదా? నిప్పు చూసుకునే మా ఫైర్‌మన్‌కి అది నామోషీ."

ఆయన మాట నిజమే. గాలి చాలక సగం కాలిన బొగ్గు పొగగొట్టంలోంచి వృథాగా పోతేనే ఆ నల్లటి మేఘం లేస్తుంది. బాగా పనిచేసే ఫైర్‌మన్ ఉన్న ఇంజను నుంచి పల్చటి పొగే వస్తుంది. మనకి మాత్రం ఫొటోలో నల్లగా ఎగిసిపడితేనే గొప్ప. నేను నల్లపొగ అడగడం మానేశాను, అడిగి తెప్పించుకున్న పొగ మీద నాకు మోజు పోయింది.

ఆవిరి సంగతి వేరు. తెల్లగా కనిపించేది నిజానికి ఆవిరి కాదు, చల్లబడి మళ్లీ నీటి తుంపరలుగా మారినది. అసలు ఆవిరి కంటికి కనపడదు. సేఫ్టీ వాల్వు తెరుచుకున్నప్పుడు జాగ్రత్తగా చూస్తే గొట్టం అంచుకీ తెల్లదనం మొదలయ్యే చోటుకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఇవాళ ఆ ఖాళీని టెలీ లెన్స్‌తో దగ్గరగా తీశాను. ఎవరికి చూపించినా "ఏముంది ఇందులో?" అంటారని తెలుసు. నాకు మాత్రం ఇవాళ్టి ఫొటోల్లో బాగా నచ్చినవాటిలో అదొకటి. ఇక బయల్దేరేటప్పుడు ముందు చక్రాల దగ్గర రెండు వైపులా బుస్సుమని లేచే తెల్లటి మేఘం ఉంది చూడండి, అది మన కోసం చేసే హంగామా కాదు. ఆగి ఉన్నప్పుడు సిలిండర్లలో చేరిన నీళ్లని బయటికి తోలడం. నీళ్లు నొక్కితే కుదించుకుపోవు, పిస్టన్ వచ్చి వాటికి కొట్టుకుంటే సిలిండరు మూతే పగలొచ్చు.

కదులుతున్న ఇంజన్ని సెకనులో 500వ వంతు షట్టరు వేగంతో తీస్తే షెడ్డులో నిలబెట్టి తీసినట్టే ఉంటుంది. చక్రం ఆగిపోతుంది, రాడ్డు ఆగిపోతుంది. అందుకే 30వ వంతుకో 60వ వంతుకో దిగి, ఇంజనుతో పాటు కెమెరాని కూడా తిప్పుతాను. చాలావరకు పనికిరానివే వస్తాయి. కుదిరినప్పుడు మాత్రం డ్రైవరు నిలబడే క్యాబ్ నిలకడగా ఉండి, రాడ్లు కరిగిపోయి, నేల గీతలు గీతలుగా పరుగెడుతుంది. నా పక్కనే ఒక కుర్రాడు ఫోనుతో తీస్తున్నాడు. దగ్గరగా దూసుకుపోతున్న ఇంజను అతని ఫొటోలో ఒక పక్కకి వాలినట్టు వచ్చింది. ఫోను ఫ్రేమునంతా ఒకేసారి చదవదు, వరసలు వరసలుగా చదువుతుంది, ఈలోపు బండి జరిగిపోతుంది. ఫోను పాడైందేమో అని కంగారుపడుతుంటే లార్తీగ్ అనే పాతకాలపు ఫొటోగ్రాఫర్ గురించి చెప్పాను. 1910లలో ఫ్రాన్స్‌లో జాక్ హెన్రీ లార్తీగ్ ఒక రేసు కారును ఇలాగే కెమెరా తిప్పుతూ తీశాడు. షట్టరులోని సన్నటి సందు ప్లేటు మీదుగా జరిగేలోపు కారు జరిగిపోయి, చక్రం కోలగా ముందుకు వాలింది, వెనకున్న మనుషులు దానికి ఎదురు దిక్కుకి వాలారు. ఆ ఫొటో దశాబ్దాల తర్వాత గానీ జనం దృష్టికి రాలేదు. ఇప్పుడు వేగం అనగానే చూపించే ఫొటోల్లో అదొకటి. కుర్రాడు తన ఫొటో డిలీట్ చెయ్యలేదు.

కంచె దాటి పట్టాల దగ్గరికి రాబోయిన ఒకరిద్దరిని సిబ్బంది వెనక్కి పంపారు. ఈ విషయంలో నాకు ఫొటోగ్రాఫర్ల మీద ఏమాత్రం జాలి లేదు. 2016లో బ్రిటన్‌లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే పాత ఆవిరి ఇంజను మరమ్మతులు పూర్తి చేసుకుని లండన్ నుంచి యార్క్ వెళ్తుంటే జనం పట్టాల మీదికి వచ్చేశారు, దాంతో బండి దారిలో ఆగాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి బాగుచేసిన ఇంజన్ని ఆపేది అభిమానులేనన్నమాట.

మధ్యాహ్నం కార్ల హాలుకి వెళ్లాను. ఇంజన్ల దగ్గర్నుంచి కార్ల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ నాకు కార్ల తయారీదారు ఎత్తోరె బుగాట్టీ గుర్తొస్తాడు. 12.7 లీటర్ల ఇంజనుతో రాజుల కోసమని రొయాల్ అనే కారు మొదలుపెట్టాడు. ఇంతలో ఆర్థిక మాంద్యం వచ్చింది. ఆరు కార్లతోనే ఆ కథ ముగిసింది, వాటిలోనూ బయటివాళ్లు కొన్నది మూడే. ఆ భారీ ఇంజన్లని ఏం చెయ్యాలి? రైలు కార్లకి, అంటే వేరే ఇంజను లాగక్కర్లేకుండా తమంతట తామే నడిచే పెట్టెలకి బిగించాడు. 1933 నుంచి ఆ రైలు కార్లు ఫ్రాన్స్ పట్టాల మీద పరుగెత్తాయి. డ్రైవరు ముందు కాకుండా బండి మధ్యలో, పైకప్పు మీదికి లేచిన చిన్న గదిలో కూర్చునేవాడు. రాజులు కొనని ఇంజన్లు టికెట్టు కొన్నవాళ్లందరినీ మోశాయి. ముల్హౌస్ ఊళ్లో ఒక మ్యూజియంలో రొయాల్ కార్లు, మరో మ్యూజియంలో ఆ రైలు కారు ఉన్నాయి. ఎప్పటికైనా ఒకే రోజు ఆ రెండూ తీయాలని నా కోరిక.

కారు ఫొటో అంటే సగం కారుది, సగం చుట్టూ ఉన్నవాటిది. మెరిసే పెయింటు ఒక అద్దం. అందులో హాలు కిటికీలు, ట్యూబులైట్లు, దారి చూపే బోర్డు, చివరికి మన ప్యాంటు రంగు కూడా కనిపిస్తాయి. అందుకే ముదురు రంగు బట్టలు వేసుకునే వెళ్లాను. పోలరైజర్ ఫిల్టరు పెయింటు మీద, గాజు మీద పడే మెరుపుని చాలావరకు కోసేస్తుంది. కానీ బంపరు మీది క్రోమ్ దగ్గర దాని పప్పులుడకవు. ఉత్త లోహం మీంచి వచ్చే ప్రతిబింబం దానికి లొంగదు. అక్కడ చేయగలిగింది మనం పక్కకి జరగడమే. ఒక అడుగు పక్కకి వేస్తే బోర్డు మాయమవుతుంది, ఇంకో అడుగు వేస్తే కిటికీ వచ్చి చేరుతుంది. ఒక ప్యాకార్డ్ కారు చుట్టూ ఇలా తిరుగుతుంటే హాలు చూసుకునే ఆయన "ఏమైనా పోయిందా అండీ?" అని అడిగారు.

దగ్గరగా వెళ్లి వైడ్ లెన్స్‌తో తీస్తే ముందు మడ్‌గార్డు ఉబ్బి, వెనక భాగం కుదించుకుపోతుంది. ఆ పొడుగు బానెట్టు గీసినవాళ్ల కష్టమంతా మట్టిపాలు. వెనక్కి వెళ్లి, మోకాలి ఎత్తులో కూర్చుని, 85 నుంచి 100 ఎంఎం లెన్స్‌తో తీస్తే కారు కారులా ఉంటుంది. 1920ల నాటి కార్ల మీద తళుకు చాలావరకు నికెల్‌ది, క్రోమ్ వాడకం ఆ దశాబ్దం చివర్లో గానీ పెరగలేదు. నికెల్‌లో కాస్త పసుపు వెచ్చదనం ఉంటుంది, క్రోమ్‌లో నీలం చల్లదనం. కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ ఈ రెండింటినీ కలిపి ఒకే వెండి రంగు చేసేస్తుంది కాబట్టి దాన్ని ఆపేసి తీశాను.

రోల్స్ రాయిస్ ముందు అందరూ ఎగిరే బొమ్మనే తీస్తారు. 1911లో చార్లెస్ సైక్స్ చేసిన ఆ బొమ్మ అందమైనదే, కాదనను. నా కన్ను కింద గ్రిల్ మీద ఉంది. కంటికి తిన్నగా కనపడటం కోసం దాని గీతల్ని గ్రీకు గుడి స్తంభాల్లాగా ఉండీ లేనట్టుగా ఉబ్బిస్తారట. కెమెరాలో గ్రిడ్ పెట్టుకుని తీస్తే ఆ వంపు నిజంగా ఉందా, నా లెన్స్ చేసిన వంకరా అని అనుమానం. లెన్స్ కరెక్షన్ తీసేసి ఒకటి, పెట్టి ఒకటి తీసుకున్నాను.

ఇంత మెరుపు చూశాక ఒక రకమైన విసుగు వచ్చిన మాట నిజం. కొన్ని కార్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు కూడా ఇంతగా మెరిసి ఉండవు. పాడైనవన్నీ మార్చేసి, గీతలన్నీ చెరిపేసి, ఎవరూ ఎక్కని కారులా చేసేశారు. పొద్దున ఇంజను తన పనంతా బయట పెట్టుకుని చేసింది. రాడ్లు, పైపులు, కారే నీళ్లు, మసి, ఏదీ దాచలేదు. లగ్జరీ కారు పుట్టిందే దాచడానికి. శబ్దం వినపడకూడదు, వేడి తెలియకూడదు, ఇంజను ఉన్నట్టే అనిపించకూడదు. ఇంజన్లలోనూ ఆ సోకు పోయినవి లేకపోలేదు. 1938లో గంటకు 203 కిలోమీటర్ల వేగం అందుకున్న మాలర్డ్ ఒళ్లంతా రేకు తొడుక్కుని, చక్రాల పైభాగం కూడా కప్పుకుని ఉంటుంది. దాన్ని చూస్తే నాకు కారును తీస్తున్నప్పటి అనుమానాలే వస్తాయి.

అందుకని హాల్లో దాక్కోలేకపోయిన చోట్లు వెతికాను. ఒక కారులో క్లచ్ పెడల్ రబ్బరు ఒక మూల మాత్రమే అరిగి ఉంది. ఇంకోదాంట్లో వెనక సీటు తోలు మీద సన్నటి పగుళ్లు. ఆ రోజుల్లో ఖరీదైన కార్ల కంపెనీలు చాలావరకు కింది చట్రం (ఛాసీ), ఇంజను మాత్రమే అమ్మేవి. బాడీ వేరేవాళ్లు కట్టేవారు. తలుపు తెరిస్తే గడప రేకు మీద ఆ బాడీ కట్టినవాళ్ల పేరు ఉంటుంది. హాలు చూసుకునే ఆయన చేతికి తొడుగు వేసుకుని తలుపు తెరిచి పట్టుకుంటే ఆ రేకును తీశాను. అక్షరాలు సగం వరకు కాళ్ల రాపిడికి చెరిగిపోయాయి. పేరు పూర్తిగా చదవలేకపోయాను గానీ ఫొటో మాత్రం బాగా వచ్చింది.

ఇంటికొచ్చి ఏరుకోవడం మొదలుపెట్టాను. పెయింటులో పడిన బోర్డు అక్షరాలు చెరిపాను, కిటికీలు ఉంచేశాను. ఇంజను వెనక తెల్లటి ఆకాశం తీసేసి నీలం పెట్టనా అని సాఫ్ట్‌వేర్ అడుగుతోంది. అక్కర్లేదు. నీలం ఆకాశం ఉండి ఉంటే చక్రాల మధ్య ఈ వెలుగు పడేదే కాదు.

పొద్దున బయల్దేరబోతుంటే డ్రైవరుగారు ఒక ఫొటో అడిగారు. ఆయనది తీస్తాననుకుని కెమెరా ఎత్తితే, "నా మొహం వద్దులెండి, ఆ రాగి గొట్టం తీయండి, వంచి బిగించింది నేనే" అన్నారు. సిలిండరుకి నూనె తీసుకెళ్లే సన్నటి గొట్టం. ఒంపు నిజంగానే ముచ్చటగా ఉంది. ఇందాక అదే పంపాను. కాసేపటికి జవాబు వచ్చింది: "ఒంపు బాగా పడిందండీ. కానీ కింది నట్టు దగ్గర నూనె చెమ్మ కనపడుతోంది, పెద్దది చేసి చూశాను. రేపు విప్పాలి."