ల్యాప్‌టాప్‌లో నడిచింది, బోర్డు మీద నడవలేదు

మా ప్రోగ్రామ్‌ను ఒక్కో రకం చిప్పుకి ఒక్కో డాకర్ ఇమేజ్‌గా (ప్రోగ్రామ్, దానికి కావలసినవన్నీ కలిపి కట్టిన మూట) బిల్డ్ చేస్తాం. పొద్దున ఆఫీసుకి వెళ్లేసరికి రాత్రి పెట్టిన బిల్డ్ ఇంకా నడుస్తూనే ఉంది. ఎక్స్86 (ఇంటెల్ రకం), 64 బిట్ ఆర్మ్ (చిన్న బోర్డుల్లో ఉండే చిప్పు రకం) ఇమేజ్‌లు ఎప్పుడో అయిపోయాయి. 32 బిట్ ఆర్మ్ మాత్రం సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ దగ్గరే నత్తనడక నడుస్తోంది. నడవక ఏం చేస్తుంది? సర్వర్‌లో ఉన్నది ఇంటెల్ చిప్పు. ఆర్మ్ కంపైలర్‌లోని (కోడ్‌ను చిప్పు భాషలోకి మార్చే ప్రోగ్రామ్) ప్రతి ఆదేశాన్నీ క్యూఎము (వేరే చిప్పులా నటించే ప్రోగ్రామ్) అప్పటికప్పుడు మార్చిపెడితే తప్ప పని జరగదు.

అందుకే ఇమేజ్ ఎలా తయారుచేయాలో చెప్పే డాకర్‌ఫైల్‌ను రెండు దశలు చేశా. కంపైల్ చేసే దశ సర్వర్ సొంత చిప్పు మీదే నడుస్తుంది, వేరే రకం చిప్పుకి కోడ్ తయారుచేసే క్రాస్ కంపైలర్‌తో. రెండో దశ తయారైన బైనరీని (చిప్పు నేరుగా నడిపే ఫైలు) కాపీ చేసుకుంటుంది, అంతే. దానికి క్యూఎముతో పనే లేదు.

ఈలోగా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి వచ్చాడు. "అక్కా, బోర్డు మీద ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ వస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది."

ఆ ఎర్రర్ వచ్చిందంటే బైనరీ వేరే రకం చిప్పుది అయ్యుండాలి. ఇమేజ్‌లోంచి దాన్ని బయటికి తీసి హెక్స్‌డంప్ (ఫైల్లోని బైట్ల జాబితా) చూపించా. ఈఎల్ఎఫ్ హెడర్‌లో (లైనక్స్ బైనరీ మొదట్లో దాని వివరాలుండే భాగం) 18వ ఆఫ్‌సెట్ దగ్గర హెక్స్‌లో 28 ఉండాలి, అది 32 బిట్ ఆర్మ్ గుర్తు. అక్కడ 3ఈ ఉంది, అంటే ఎక్స్86. తన ల్యాప్‌టాప్‌లో మామూలుగా బిల్డ్ చేసి, అదే ట్యాగ్‌తో (ఇమేజ్‌కి పెట్టే వెర్షన్ పేరు) రిజిస్ట్రీకి, అంటే ఇమేజ్‌లు దాచే చోటికి, పుష్ చేసేశాడు. అన్ని ఆర్కిటెక్చర్లనూ చూపించే మ్యానిఫెస్ట్ లిస్ట్ పోయి, ఆ ట్యాగ్ కింద ఒక్క ఇంటెల్ ఇమేజ్ మిగిలింది. అతన్ని అని లాభం లేదు, తలుపు తెరిచిపెట్టింది సిస్టమే. ఇకనుంచి రిలీజ్ ట్యాగ్‌లు పైప్‌లైన్ (బిల్డులు, టెస్టులు తనంతట తానే నడిపే వ్యవస్థ) అకౌంట్ తప్ప ఇంకెవరూ పుష్ చేయలేకుండా రిజిస్ట్రీలో పర్మిషన్లు తీసేశాం.

అసలు తలనొప్పి పాత రాస్ప్‌బెర్రీ పై జీరో బోర్డు. అది ఆర్మ్‌వీ6, అంటే పాత తరం ఆర్మ్. ఇమేజ్‌కి బేస్‌గా ఉన్న డెబియన్ లైనక్స్‌లో 32 బిట్ ఆర్మ్ కూర్పు పేరు ఆర్మ్‌హెచ్ఎఫ్, దానికి కనీసం ఆర్మ్‌వీ7 కావాలి. క్యూఎము ఏమో మామూలుగా అన్నీ వచ్చిన ప్రాసెసర్‌లా నటిస్తుంది కాబట్టి టెస్టులన్నీ పాసవుతాయి, పైప్‌లైన్ పచ్చగా కనిపిస్తుంది. బోర్డు మీద పెట్టగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్, అంటే ఆ చిప్పుకి తెలియని ఆదేశం! ఆ ఒక్కదానికి బేస్‌ను ఆల్పైన్ అనే ఇంకో లైనక్స్‌కి మార్చా. దాని ఆర్మ్‌హెచ్ఎఫ్ ఆర్మ్‌వీ6 కోసమే బిల్డ్ అవుతుంది. (పేరు ఒకటే, అర్థం వేరు. ఎవరు పెట్టారో మహానుభావులు.)

పైప్‌లైన్ చివర ఒక పై జీరో, ఒక బీగల్‌బోన్ బ్లాక్ బోర్డు నిజంగా తగిలించాలి. హ్యాంగైతే పవర్ ఆపి మళ్లీ వేయడానికి రిలే బోర్డు కావాలని స్టోర్‌లో అడిగా. సోమవారం చూద్దామన్నారు.