పరాయివారి సంతకం

“మనవాడివని పని నీకు అప్పగిస్తే, నువ్వు చేసింది సరిగా ఉందో లేదో చూడటానికి ఇంకొకడికి డబ్బు కట్టమంటావేమయ్యా?” అని హ్యూస్టన్ పక్కన కేటీలో ఉండే బాబాయిగారు మొన్న నన్ను నిలదీశారు. వారి స్నానాలగది గోడలో నీటి గొట్టం కారి, గోడకు బిగించిన జిప్సం బోర్డు (పలక) లోపలివైపు నిలువెత్తున బూజు పట్టింది. బూజు తొలగించే సంస్థలో నేను సూపర్‌వైజరును. పని మావాళ్లు చేస్తారని, అది పూర్తయిందని సంతకం పెట్టవలసినవారు మాత్రం మాతో ఏ సంబంధమూ లేని పరీక్షకులని చెప్పడమే ఆయన దృష్టిలో నా అపరాధం.

చట్టం అలా ఉందని చెప్పి అప్పటికి బయటపడ్డాను. టెక్సాస్‌లో 2003లో వచ్చిన చట్టం ప్రకారం, ఒకేచోట 25 చదరపు అడుగులు, అంతకు మించి బూజు పట్టిన ఇంట్లో పరీక్ష, తొలగింపు రెండూ ఒకే లైసెన్సుదారు చేయకూడదు. ఎంతమేర తీయాలో, ఏ స్థితికి వస్తే పని పూర్తయినట్టో పరీక్షకుడు ముందే రాసిస్తాడు. మేము ఆ ప్రకారం ప్లాస్టిక్ తెరలు కట్టి, బోర్డు కోసి, గోడ లోపలి చెక్క చట్రాన్ని రుద్ది శుభ్రం చేస్తాం. తెరలు విప్పకముందే పరీక్షకుడు మళ్లీ వచ్చి చూస్తాడు. దానికి మూలమైన నీటి కారుడు ఆగిందో లేదో కూడా చూస్తాడు. బూజు పోయిందని అతను సంతకం చేస్తేనే ఇంటివారికి ధ్రువపత్రం అందుతుంది. ఇల్లు అమ్మేటప్పుడు గడచిన 5 ఏళ్లలో ఇచ్చిన ఇటువంటి పత్రాల నకళ్లు కొనేవారికి ఇవ్వాలని చెప్పాక బాబాయిగారు మెత్తబడ్డారు గాని, ఆయన మనసులోని కష్టం తీరలేదు.

ఆ కష్టం నాకు తెలియనిది కాదు. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా వయసులో సగం ఉన్న ఒక పరీక్షకురాలు నన్ను తెర బయట నిలబడమని, తాను పిలిచేదాకా లోపలికి రావద్దని చెప్పినప్పుడు ముఖం ఎర్రబడింది. గుంటూరు జిల్లాలో రోడ్లు భవనాల పనులు చేయించి వచ్చినవాణ్ని. అనుమానించబడటం కొత్తేమీ కాదు. అక్కడ అసిస్టెంట్ ఇంజినీరు ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) రాసిన కొలతను పై ఇంజినీరు చెక్ మెజర్‌మెంట్ చేస్తాడు, అంటే మళ్లీ కొలిచి సరిచూస్తాడు, క్వాలిటీ కంట్రోల్ విభాగం వేరే వచ్చి నమూనాలు తీస్తుంది, అవేవీ ఎవరికీ అవమానంగా తోచవు. ప్రభుత్వ సొమ్ముకు ఒప్పుకున్న ఆ రెండో చూపును సొంత ఇంటి దగ్గరకు వచ్చేసరికి మనం ఎందుకు సహించలేమో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. తాతల నాటినుంచి ఇంటికి పనిచేస్తున్న మేస్త్రీ వెనక మరొకణ్ని నిలబెట్టడమంటే అతణ్ని దొంగ అనడమే.

పైగా మన పాత ఇళ్లకు ఈ పరీక్షలు అవసరమయ్యేవి కావు. ఇటుక గోడ, సున్నం, తెరిచిన కిటికీలు. వానాకాలపు చెమ్మ ఎండకు దానంతటదే ఆరిపోయేది. ఇక్కడి జిప్సం బోర్డుకు రెండు వైపులా కాగితం ఉంటుంది, తడిసిన కాగితం బూజుకు ఆహారం, ఏసీ కోసం ఇల్లంతా మూసే ఉంటుంది. అమెరికావాళ్లు తామే తెచ్చిపెట్టుకున్న రోగానికి తామే వైద్యుణ్ని నియమించుకున్నారని మొదట్లో ఎద్దేవా చేసేవాణ్ని. ఇప్పుడు హైదరాబాదు ఫ్లాట్లలోనూ జిప్సం ఫాల్స్ సీలింగులు, మూసిన కిటికీలు చూస్తున్నాను కనుక ఆ మాట అనడం మానేశాను.

పరీక్షనంతటినీ నేను వెనకేసుకురాను. పంపుతో నిమిషానికి 15 లీటర్ల చొప్పున 5 నిమిషాలు గాలి లాగి, ఆరుబయట కూడా అలాగే లాగి, రెండింటిలోని బీజాణువులను, అంటే బూజు గాలిలోకి వదిలే సూక్ష్మమైన విత్తనాల వంటివాటిని, ల్యాబులో లెక్కించి పోలుస్తారు. ఇంట్లో ఇన్ని ఉండవచ్చునని అమెరికా కేంద్ర ప్రభుత్వం ఏ పరిమితీ విధించలేదు. బయట బీజాణువులు ఎక్కువగా ఉన్న రోజున లోపలి అంకె ఊరికే మంచిగా కనిపిస్తుంది. ఆస్పర్‌జిల్లస్, పెనిసీలియం అనే రెండు బూజు రకాల బీజాణువులను ఆ పద్ధతిలో వేరుచేయలేక ఒకే పద్దులో రాస్తారు. అందుకే టార్చి పట్టుకుని మూలమూలా చూసి, చెక్కలో తేమను మీటరుతో కొలిచే పరీక్షకుడి మాటకే నేను విలువిస్తాను. కేవలం గాలి పట్టుకుని వెళ్లిపోయేవాడికి ఫీజు దండగని బాబాయిగారికీ చెప్పాను.

విజయవాడలో మా అన్నయ్య ఫ్లాటు గోడ ఈ మధ్య చెమ్మ పట్టింది. వాటర్‌ప్రూఫింగ్ చేసినవాళ్లే చెమ్మ ఆరిందని చెప్పి, వాళ్లే గ్యారంటీ కాగితం కూడా రాసిచ్చారు. పుట్టీ పెట్టకముందే బయటివాళ్లెవరిచేతనైనా ఒకసారి తేమ కొలిపించమని ఫోనులో బతిమాలాను. ఆ మేస్త్రీ ముందు తన పరువు పోతుందని అన్నయ్య ఒప్పుకోలేదు. రంగు కూడా వేయించేశాడు.