బెళ్లందూరు దగ్గర నైరోబీ గుర్తుకొచ్చింది

బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర దిగేసరికి తెల్లవారింది. మారతహళ్లికి ఆటోవాళ్లు నాలుగు వందలకు తక్కువ రామన్నారు. ఆ కాస్త దూరానికి అంత ఇవ్వడానికి మనసొప్పక 500-డి బస్సెక్కాను. ఇబ్బలూరు దాటగానే బస్సు ఆగింది, ఎంతసేపటికీ కదలదు. ఎడమవైపు బెళ్లందూరు చెరువు. కంటికి ఆనినంత మేర నీళ్లు లేవు, గుర్రపు డెక్కే. ముందు సీటులోని తెలుగాయన దిక్కుమాలిన మొక్క అని తిట్టాడు. తప్పు మొక్కది కాదు. ఊరి మురుగంతా చెరువులోకి వదిలితే, అందులోని నత్రజని, భాస్వరం తిని అది బలిసింది. 2018 జనవరిలో ఈ చెరువు ప్రాంతం అంటుకుంటే సైనికులు వచ్చి ఆర్పాల్సి వచ్చింది.

నాకు మాత్రం ఆ మొక్కను చూడగానే, కెన్యాలో చెట్ల కోసం పోరాడిన వంగారి మాథాయి గుర్తుకొచ్చారు. 2011 అక్టోబరులో నైరోబీ ఉహురు పార్కులో ఆమెకు వీడ్కోలు పలికారు. తన కోసం చెట్టు కొట్టకూడదన్నది ఆమె కోరిక. అందుకని వెదురు, పాపిరస్ రెల్లు, గుర్రపు డెక్కతో శవపేటిక చేశారు. 1989లో అదే పార్కులో 60 అంతస్తుల భవనం కట్టబోతే ఎదురు నిలిచింది కూడా ఆమే.

అప్పట్లో నేను అక్కడ ఒక కంపెనీలో లెక్కలు చూసేవాడిని. నన్ను ఆ జనంలోకి తీసుకెళ్లింది మా వీధి చివర మొక్కలు పెంచే పెద్దావిడ. అందరిలాగే నేనూ ఆమెను ‘మామా’ అని పిలిచేవాడిని, స్వాహిలీలో అమ్మ అని. 1999లో నైరోబీలోని కరూరా అడవిని బిల్డర్ల పాలు కాకుండా ఆపడానికి వంగారితో వెళ్లి కాపలావాళ్ల చేతిలో దెబ్బలు తిన్నవాళ్లలో ఆమె ఒకరు. ఎడమ మణికట్టు అప్పటి నుంచి సరిగ్గా తిరగదు.

వంగారి 1977లో మొదలుపెట్టిన గ్రీన్ బెల్ట్ ఉద్యమంలో ఆడవాళ్లకు నాటిన మొక్కకు కాదు, బతికిన మొక్కకే కాస్త డబ్బు ముట్టేది. మామా ఆ పద్ధతిలో రాటుదేలిన మనిషి. పాత నూనె డబ్బాల అడుగున మేకుతో చిల్లులు పొడిచి విత్తనాలు వేసేది. నీళ్లు పోసే ముందు ప్రతి డబ్బాలోనూ వేలు గుచ్చి తడి చూసేది. ఒకసారి కూడికలు సరిచూడమని తన నోటుపుస్తకం నా చేతికిచ్చింది. చచ్చిపోయిన ప్రతి మొక్క పక్కనా కారణం రాసి ఉంది: మేక, ఎండ, రోడ్డు పని, మళ్లీ మేక. నా ఉద్యోగకాలంలో అంత నిజాయతీ గల లెక్కల పుస్తకం ఇంకొకటి చూడలేదు.

మారతహళ్లి చేరాక చూస్తే, చెల్లెలి అపార్ట్‌మెంటు గోడకు పర్యావరణ దినోత్సవం బోర్డు, దాని మీద మొక్కలు ఇచ్చినవాళ్ల పేర్లు. కింద ఎండు పుల్లలు. ఒళ్లు మండింది.

“ఏటా నాటుతూనే ఉన్నాం కదన్నయ్యా” అంది చెల్లెలు.

ఎన్ని బతికాయని అడిగితే చెప్పగలిగినవాళ్లే లేరు.

లాల్‌బాగ్ ప్రయాణం మానుకుని, సాయంత్రం అక్కడి వాచ్‌మన్‌ను, కర్నూలు మనిషిని, వెంటబెట్టుకుని గోడ పొడవునా నడిచాను. ప్రతి గుంత దగ్గరా ఏమైందని అడిగాను. అతను చెబుతుంటే రాసుకున్నాను: ట్యాంకరు చక్రం, సిమెంటు నీళ్లు, వేసవిలో ఎవరూ తడపలేదు, మళ్లీ సిమెంటు నీళ్లు. మూలన ఒక కానుగ మాత్రం నిలిచింది.

“మా ఆవిడ బియ్యం కడిగిన నీళ్లు పోస్తుంది సార్” అన్నాడు.

అది కూడా రాశాను. ఆ కాగితం నోటీసు బోర్డుకు అతికించమని, జూన్‌లో కొత్తవి నాటే ముందు సంఘంవాళ్లంతా అది చదవాలని చెల్లెలికి గట్టిగా చెప్పాను.